డబ్బా మీది అంకె చెప్పని రాపిడి

హైడ్రాలిక్ మోటారు తిరుగుతున్నంతసేపూ నూనె చిక్కదనం ముఖ్యం. కదలబోయే క్షణంలో నూనెలోని రసాయనం ముఖ్యం. కొనేటప్పుడు మనం అడిగేది మాత్రం మొదటిదాన్నే.

నిండు బరువుతో గట్టు ఎక్కుతున్న పొక్లెయిన్‌ను మధ్యలో ఆపి మళ్ళీ కదిలించినప్పుడు ఏమవుతుందో రోడ్డు పనుల దగ్గర నిలబడి చూసినవాళ్ళకు తెలుసు. ఆపరేటరు లివర్ నెట్టగానే ఇంజను మూలుగుతుంది, హోస్ పైపులు బిగుసుకుంటాయి, చైను మాత్రం ఒక క్షణం కదలదు. ఆ తర్వాత ఒక్క కుదుపుతో బండి ముందుకు వస్తుంది. కదిలాక అదే గట్టును, అదే బరువుతో, అంత ఆయాసం లేకుండానే ఎక్కేస్తుంది. వరికోత మిషను మడి మలుపులో ఆగి కదిలినప్పుడూ, బోరుబండి రాడ్డు కలుపుకుని మళ్ళీ తిరగబోయినప్పుడూ ఇదే తంతు. కదిలాక తక్కువ బలంతో సాగే పనికి, కదిలే ముందు అంత ఎక్కువ బలం ఎందుకు కావాలి? ఆ అదనపు బలం ఎక్కడికి పోతోంది?

బరువైన వస్తువును కదిలించాలంటే జడత్వాన్ని దాటాలి కదా అని సమాధానం చెప్పేయవచ్చు. అందులో నిజం ఉంది కానీ అది సగమే. చైను, బరువు, నేల ఏవీ లేకుండా మోటారు ఒక్కదాన్నే ప్రయోగశాలలో బిగించి, నిమిషానికి ఒక చుట్టు కూడా తిరగనంత నెమ్మదిగా తిప్పి చూసినా ఈ నష్టం కనిపిస్తుంది. అంత నెమ్మదిలో జడత్వం లెక్కలోకే రాదు. అంటే, పంపు పంపిన ఒత్తిడిలో కొంత భాగం షాఫ్టు దాకా చేరకుండా మోటారు లోపలి రాపిడికే ఖర్చయిపోతోంది. ఎంత ఖర్చవుతుందన్నది మోటారు నిర్మాణంతో పాటు అందులో పోసిన నూనె రకం మీద కూడా ఆధారపడుతుంది. “46 నంబరా, 68 నంబరా” అని అడిగితే తేలిపోయే విషయం కాదిది. ఒకే నంబరున్న రెండు నూనెలు మోటారు వేగంగా తిరుగుతున్నప్పుడు ఒకేలా ఉండి, అది కదలబోయే క్షణంలో వేరువేరుగా ప్రవర్తించగలవు. అందుకే నూనెను అంకె చూసి మాత్రమే ఎంచుకోవడం సగం ఎంపిక అవుతుంది.

మోటారు లోపల ఏది దేన్ని రాసుకుంటుంది?

హైడ్రాలిక్ మోటారు పంపుకు తిరగేసిన రూపం. పంపులో షాఫ్టు తిరిగి నూనెను నెడుతుంది, మోటారులో నూనె వచ్చి షాఫ్టును తిప్పుతుంది. పొక్లెయిన్ చైన్లను, పైభాగాన్ని తిప్పడానికి సాధారణంగా వాడే పిస్టన్ మోటారులో ఒక ఉక్కు దిమ్మ ఉంటుంది. దానిలో గుండ్రంగా అమర్చిన రంధ్రాల్లో పిస్టన్లు ముందుకూ వెనక్కూ ఆడతాయి. ఒత్తిడితో వచ్చిన నూనె పిస్టన్లను నెడుతుంది. వాటి చివర ఉన్న షూలు ఏటవాలుగా నిలిపిన పళ్ళెం మీద జారుతూ దిమ్మను తిప్పుతాయి. అంటే పిస్టను దాని రంధ్రపు గోడను, షూ పళ్ళేన్ని, దిమ్మ అడుగుభాగం నూనెను పంచే వాల్వు ప్లేటును నిరంతరం రాసుకుంటూ ఉంటాయి. చిన్న యంత్రాల్లో, వ్యవసాయ పనిముట్లలో ఎక్కువగా కనిపించే ఆర్బిట్ మోటారు మరో రకం. అందులో ఏడు గదుల వలయం మధ్య ఆరు పళ్ళ నక్షత్రం దొర్లుతూ ఉంటుంది. షాఫ్టు ఒక్క చుట్టు తిరిగేలోపు ఆ నక్షత్రం ఆరుసార్లు చుట్టివస్తుంది, గదులు 42 సార్లు నిండి ఖాళీ అవుతాయి. వేగం తక్కువగా, తిప్పే బలం ఎక్కువగా కావలసినచోట దీన్ని వాడేది అందుకే.

ఈ భాగాల మధ్య సందులు కొన్ని మైక్రాన్ల నుంచి కొన్ని పదుల మైక్రాన్ల దాకా మాత్రమే ఉంటాయి. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. సందు అంత సన్నగా లేకపోతే ఒత్తిడితో వచ్చిన నూనె పని చేయకుండానే పక్కదారిన జారిపోతుంది. పెద్ద పొక్లెయిన్లలో ఆ ఒత్తిడి 350 బార్ల దాకా వెళ్తుంది. అంటే ఒక్కో చదరపు సెంటీమీటరు మీద ఇంచుమించు 350 కిలోల బరువు పడుతున్నట్టు. అంత బరువుతో ఒకదాన్నొకటి ఒత్తుకునే లోహాల మధ్య కొన్ని మైక్రాన్ల నూనె పొర నిలవాలి. అది నిలిస్తే రాపిడి నామమాత్రం. చిరిగితే లోహం లోహాన్ని గీరుతుంది. కాబట్టి అసలు ప్రశ్న ఆ పొర ఎలా పుడుతుంది, ఎప్పుడు చిరుగుతుంది అన్నది.

1883లో ఊడొచ్చిన బిరడా

దీనికి తొలి జవాబు రైలు ఇరుసుల దగ్గర దొరికింది. ఇంగ్లండులో బోషాంప్ టవర్ అనే ఇంజనీరు 1883లో మెకానికల్ ఇంజనీర్ల సంస్థ కోసం ఇరుసు బేరింగుల రాపిడిని కొలుస్తున్నాడు. ఇరుసు అడుగు నూనెలో మునిగి ఉండగా, పైన కూర్చున్న అర్ధచంద్రాకారపు ఇత్తడి బేరింగుకు నూనె పోసేందుకు ఒక రంధ్రం వేయించాడు. ఇరుసు తిరగడం మొదలవగానే ఆ రంధ్రంలోంచి నూనె పైకి పొంగింది. కార్కు బిరడా పెడితే ఊడొచ్చింది. కొయ్య బిరడా బిగిస్తే అదీ మెల్లగా పైకి లేచింది. ప్రెజర్ గేజి బిగించి చూస్తే చదరపు అంగుళానికి 200 పౌండ్లకు పైగా చూపించింది. బేరింగు మీద వేసిన బరువు లెక్కన సగటు ఒత్తిడి అందులో సగం. పంపు ఏదీ లేకుండానే తిరిగే ఇరుసు నూనెను తనతో లాక్కుపోయి సన్నని సందులోకి దూర్చి, బరువును పైకి ఎత్తేస్తోందన్నమాట. ఈ గుట్టును గణితంలో విప్పి చెప్పినవాడు ఆస్బర్న్ రేనాల్డ్స్, 1886లో. నూనె పొర బరువును మోయాలంటే మూడు కావాలని అప్పుడు స్పష్టమైంది: సందు ఒకవైపు వెడల్పుగా, మరోవైపు ఇరుకుగా ఉండాలి. నూనెకు చిక్కదనం ఉండాలి. అన్నిటికీ మించి, కదలిక ఉండాలి.

ఆ మూడో షరతులోనే మన ప్రశ్నకు జవాబు దాగి ఉంది. 1902లో జర్మనీలో రిచర్డ్ స్ట్రిబెక్ బేరింగులను వేర్వేరు వేగాల్లో తిప్పి రాపిడి కొలిచి, దాని తీరును ఒక గీతగా గీసి చూపించాడు. వేగం దాదాపు సున్నా ఉన్నప్పుడు రాపిడి అత్యధికం, ఎందుకంటే పొర ఇంకా పుట్టలేదు, లోహపు బొడిపెలు ఒకదానికొకటి తగులుతున్నాయి. వేగం పెరిగేకొద్దీ పొర కొంత, బొడిపెలు కొంత బరువును పంచుకుంటాయి, రాపిడి బాగా పడిపోయి ఒక కనిష్ఠ స్థాయికి చేరుతుంది. ఆ తర్వాత లోహాలు పూర్తిగా విడిపోయి పొరే బరువంతా మోస్తుంది. అక్కడి నుంచి వేగం పెరిగినా, నూనె చిక్కబడినా రాపిడి మళ్ళీ మెల్లగా పెరుగుతుంది, ఎందుకంటే ఇప్పుడు రాసుకుంటున్నది నూనె పొరలోని అణువులే. ఆగి ఉన్న పొక్లెయిన్ కదలబోయేటప్పుడు ఈ గీత ఎడమ కొస మీద ఉంటుంది, సాఫీగా నడుస్తున్నప్పుడు కుడి వైపుకు వస్తుంది. ఒకే మోటారు, ఒకే నూనె అయినా రెండు చోట్లా రాపిడికి కారణాలు పూర్తిగా వేరు. అందువల్ల దాన్ని తగ్గించే మార్గాలూ వేరు.

---
బాక్స్: 46, 68 అంటే ఏమిటి?

హైడ్రాలిక్ ఆయిల్ డబ్బా మీద కనిపించే 32, 46, 68 అంకెలు ఐఎస్ఓ వీజీ గ్రేడ్లు. 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆ నూనె చిక్కదనం ఎన్ని సెంటీస్టోక్సో అవి చెబుతాయి, పది శాతం అటూఇటూగా. 20 డిగ్రీల దగ్గర మంచినీటి చిక్కదనం సుమారు 1 సెంటీస్టోక్.

మోటారు పని చేసేది 40 డిగ్రీల దగ్గర కాదు. మామూలు మినరల్ నూనె చిక్కదనం వేడితో ఎలా మారుతుందో చూడండి (సుమారు విలువలు, సెంటీస్టోక్స్‌లో):

46 నంబరు: 20 డిగ్రీల దగ్గర 135, 60 దగ్గర 21, 80 దగ్గర 11.

68 నంబరు: 10 డిగ్రీల దగ్గర 440, 60 దగ్గర 29, 70 దగ్గర 20, 80 దగ్గర 15.

పిస్టన్ పంపులు, మోటార్లు తయారుచేసేవాళ్ళు పని వేడిలో ఉండాలని కోరే చిక్కదనం సాధారణంగా 16 నుంచి 36 మధ్య. వేడికి నూనె ఎంత తక్కువగా పలచబడుతుందో చెప్పే కొలత విస్కాసిటీ ఇండెక్స్. మామూలు మినరల్ నూనెలకు ఇది 100 దగ్గర ఉంటుంది. ఎక్కువ ఉంటే చలికీ ఎండకూ నూనె అంతగా మారదు.

---

తిరుగుతున్నప్పుడు చిక్కదనమే లెక్క

మోటారు తగిన వేగంలో ఉన్నప్పుడు నూనె పొర బరువు మోస్తోంది కాబట్టి, అక్కడ రాపిడి అంటే ఆ పొరను కోసుకుంటూ పోవడానికి పట్టే శ్రమే. నూనె ఎంత చిక్కగా ఉంటే అంత శ్రమ. ఆదిలాబాద్ చలికాలంలో తెల్లవారుజామున 10 డిగ్రీల దగ్గర మొదలుపెట్టిన యంత్రంలో 68 నంబరు నూనె సుమారు 440 సెంటీస్టోక్స్ చిక్కదనంతో ఉంటుంది. అదే నూనె రామగుండం మే నెల మధ్యాహ్నం ట్యాంకులో 80 డిగ్రీలకు చేరితే 15కి పడిపోతుంది. డబ్బా మీద ఒకే అంకె, లోపల దాదాపు ముప్పై రెట్ల తేడా. చల్లటి నూనె పైపుల్లోనూ సందుల్లోనూ సాగడానికే ఒత్తిడి ఖర్చు చేయిస్తుంది. పంపు దాన్ని సరిగా లాక్కోలేకపోతే ఖాళీ బుడగలు పుట్టి పగిలి లోహాన్ని తింటాయి. వేడెక్కిన నూనె ఇందుకు విరుద్ధం. కోసుకుపోవడం సులువే కానీ సందుల్లోంచి కారిపోవడమూ సులువే. కారిపోయిన నూనె షాఫ్టును తిప్పకుండానే తన ఒత్తిడిని వేడిగా మార్చుకుంటుంది. ఆ వేడి నూనెను ఇంకా పలచన చేస్తుంది, లీకు ఇంకా పెరుగుతుంది. సాయంత్రానికి “బండికి పొద్దున్నంత బలం లేదు” అని ఆపరేటర్లు అనడం వెనక ఈ విషవలయం ఉంటుంది. కాబట్టి నడుస్తున్న మోటారుకు కావలసింది రాపిడి, లీకు రెండూ కలిపి నష్టం కనిష్ఠంగా ఉండే మధ్యస్థ చిక్కదనం. పైన బాక్సులో చెప్పిన 16–36 పరిధి అదే. ఇంతవరకు అంకె మాట చెల్లుతుంది, పని వేడిని కూడా లెక్కలోకి తీసుకున్నంత వరకు.

కదలబోయే క్షణం రసాయనానిది

ఆగిన మోటారులో కదలిక లేదు కాబట్టి రేనాల్డ్స్ చెప్పిన పొర లేదు. బరువు కింద నూనె పక్కలకు పిండుకుపోయి, నునుపుగా కనిపించే లోహం మీది బొడిపెలు ఎదుటి బొడిపెలను తాకుతాయి. ఇక్కడ చిక్కదనం చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. చేయగలిగింది లోహానికి అంటుకుని ఉండే, ఒకటి రెండు అణువుల మందం ఉన్న పొర మాత్రమే. బ్రిటన్‌లో వెల్స్, సౌత్‌కోంబ్ 1920 ప్రాంతంలో ఒక చిత్రమైన సంగతి బయటపెట్టారు. మినరల్ నూనెలో ఒకటి రెండు శాతం కొవ్వు ఆమ్లం కలిపితే చిక్కదనం ఏమాత్రం మారలేదు కానీ రాపిడి గణనీయంగా తగ్గింది. జీవశాస్త్రం నుంచి ఇటు వచ్చిన విలియం బేట్ హార్డీ, ఐడా డబుల్‌డేతో కలిసి 1922లో దీని కారణాన్ని చర్చించాడు. పెట్రోలియం నుంచి వచ్చిన నూనె అణువు కార్బన్, హైడ్రోజన్ల గొలుసు; లోహం మీద దానికి ప్రత్యేకమైన మమకారం లేదు. కొవ్వు ఆమ్లపు అణువుకు ఒక చివర ఆక్సిజన్ ఉన్న తల ఉంటుంది, అది లోహాన్ని గట్టిగా పట్టుకుంటుంది. మిగతా పొడవాటి తోక పైకి నిలబడుతుంది. నాట్లు వేసిన మడిలో నారు వేళ్ళతో బురదను పట్టుకుని ఒత్తుగా, నిటారుగా నిలబడ్డట్టు ఈ అణువులు లోహం మీద వరుస తీరుతాయి. ఎదురెదురు లోహాల మీద ఉన్న రెండు ‘నారుమళ్ళ’ కొసలు ఒకదాని మీద ఒకటి జారితే, లోహం లోహాన్ని తాకాల్సిన అవసరం తగ్గిపోతుంది. గొలుసు ఎంత పొడవైతే రాపిడి అంత తగ్గిందని హార్డీ, డబుల్‌డే కొలతలు చూపించాయి.

ఈ అణువుల పొర మందం ఎంతో ఊహించండి: సుమారు రెండు నానోమీటర్లు, అంటే మైక్రానులో అయిదు వందల వంతు. అయినా బరువు కింద ఆగి ఉన్న ఉక్కు మీద మామూలు మినరల్ నూనెతో 0.15 దగ్గర ఉండే రాపిడి గుణకాన్ని అది 0.1కి, ఒక్కోసారి ఇంకా కిందికి దించగలదు. మన పక్క పొలాల్లో పండే ఆముదం ఈ విషయంలో ప్రత్యేకమైనది. అందులోని రిసినోలిక్ ఆమ్లానికి తలతో పాటు గొలుసు మధ్యలో కూడా లోహాన్ని పట్టుకోగల ఆక్సిజన్–హైడ్రోజన్ జంట ఉంటుంది. ఎడ్లబండి ఇరుసుకు ఆముదం వాడినా, మొదటి ప్రపంచ యుద్ధపు విమానాల రోటరీ ఇంజన్లలో ఆముదం పోసినా, అది అక్కరకు వచ్చింది చిక్కదనం వల్ల మాత్రమే కాదు. నేటి వృక్షజన్య, సింథటిక్ ఎస్టర్ హైడ్రాలిక్ నూనెలకు కూడా ఈ పట్టు గుణం పుట్టుకతోనే ఉంటుంది. మినరల్ నూనెకైతే దాన్ని ఫ్రిక్షన్ మాడిఫయర్ అనే అడిటివ్ రూపంలో విడిగా కలపాలి.

రోలర్లు ఉన్న మోటార్లలో మరో అంకం కూడా ఉంది. రోలరు వంపు మీద ఆనే గీత లాంటి చోట ఒత్తిడి ఎంత తీవ్రమంటే, నూనె క్షణకాలం గట్టి పదార్థంలా మారిపోతుంది. అప్పుడు దాని అణువుల ఆకారమే రాపిడిని నిర్ణయిస్తుంది. పొడవాటి గొలుసుల సింథటిక్ నూనెలు, ఎస్టర్లు ఒకదాని మీదుగా ఒకటి తేలికగా జారుతాయి. వలయాకారపు అణువులు ఎక్కువగా ఉన్న నాఫ్థెనిక్ నూనెలు ఒకదానిలో ఒకటి చిక్కుకుని పట్టుబడతాయి. పట్టు కావలసిన ట్రాక్షన్ డ్రైవుల్లో అటువంటి వలయాకారపు అణువుల ద్రవాలను కావాలనే వాడతారు. అంటే అడిటివ్ ఒక్కటే కాదు, దాన్ని మోసే మూల నూనె కూడా మాట్లాడుతుంది.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. “యాంటీవేర్ ఆయిల్ కదా, రాపిడి కూడా తగ్గిస్తుందిలే” అనుకుంటారు. అరుగుదల వేరు, రాపిడి వేరు. హైడ్రాలిక్ నూనెల్లో దశాబ్దాలుగా రాజ్యమేలుతున్న జింకు అడిటివ్ జెడ్‌డీడీపీ. అది లోహం మీద రాపిడి పడిన చోట గాజులాంటి ఫాస్ఫేటు పూతను పెంచుతుంది. మైక్రానులో పదో వంతు మందం ఉండే ఆ పూత తాను అరుగుతూ లోహాన్ని కాపాడుతుంది. కానీ దాని ఉపరితలం నునుపు కాదు. అందుకని పొర, బొడిపెలు కలిసి బరువు మోసే మధ్య వేగాల్లో అది రాపిడిని కొంత పెంచగలదని కొలతలు చూపించాయి. మోటారు ఎక్కువ కాలం మన్నడానికి జెడ్‌డీడీపీ అవసరం కావచ్చు, తేలిగ్గా కదలడానికి దానొక్కటే చాలదు.

ఒకే అంకె, వేరు నడత

సాక్ష్యం ఏమిటని అడగడం న్యాయమే. మొదటిది లేతు మిషన్ల షాపుల్లోనే ఉంది. 68 నంబరు హైడ్రాలిక్ ఆయిల్, 68 నంబరు స్లైడ్‌వే ఆయిల్ పక్కపక్కనే అమ్ముతారు. చిక్కదనం ఒకటే. కానీ బరువైన పట్టాల మీద టూలును మిల్లీమీటరులో వందో వంతు చొప్పున జరపాలంటే మొదటిది పనికిరాదు. ఆగుతూ, జారుతూ, ఆగుతూ కుదుపులతో కదులుతుంది. ఆగి ఉన్నప్పటి రాపిడి కదులుతున్నప్పటి దానికన్నా ఎక్కువ కావడమే ఈ కుదుపులకు మూలం. రెండో నూనెలో కలిపిన, లోహాన్ని పట్టుకునే ‘పట్టు అణువులు’ ఆ తేడాను చెరిపేస్తాయి. అంతర్జాతీయ ప్రమాణాలు కూడా దీన్ని గుర్తించాయి. హైడ్రాలిక్ నూనెల వర్గీకరణలో అరుగుదలను ఆపే నూనెకు హెచ్‌ఎం అని, దానికే వేడికీ చలికీ చిక్కదనం అంతగా మారని గుణం కలిస్తే హెచ్‌వీ అని, ఈ కుదుపును ఆపే గుణం కలిస్తే హెచ్‌జీ అని వేరువేరు పేర్లున్నాయి. రాపిడి గుణం చిక్కదనంలో ఇమిడే సంగతే అయితే వేరే తరగతి అక్కర్లేదు.

రెండో సాక్ష్యం ఉక్కు కర్మాగారాల నుంచి. కొలిమి దగ్గర నూనె చిందితే మంటలు లేస్తాయి కాబట్టి అక్కడ నీరు, గ్లైకాల్ కలిపిన ద్రవాలు వాడతారు. వీటిలో చాలావాటి గ్రేడు కూడా 46. అయినా నూనెతో తిరిగే మోటారులో వీటిని పోస్తే తయారీదారులు ఒత్తిడి పరిమితిని తగ్గించమంటారు, బేరింగుల ఆయుష్షు తగ్గుతుందని హెచ్చరిస్తారు. నూనె ఒత్తిడికి గట్టిపడుతుంది, నీరు అంతగా గట్టిపడదు; అందుకే లోహాల మధ్య అంత మందమైన పొర నిలవదు. 40 డిగ్రీల దగ్గర మామూలు ఒత్తిడిలో కొలిచిన అంకెకు ఈ సంగతి తెలిసే మార్గమే లేదు. మూడో సాక్ష్యం నేరుగా మోటార్ల నుంచి. అమెరికాలోని మిల్వాకీ స్కూల్ ఆఫ్ ఇంజనీరింగ్‌లో పాల్ మైకేల్, ఆయన సహచరులు వేర్వేరు రసాయనాల నూనెలను వేర్వేరు రకాల మోటార్లలో పోసి, అతి తక్కువ వేగంలో షాఫ్టుకు చేరే బలాన్ని కొలిచారు. నూనె మారితే నష్టమూ మారింది. ఎంత మారిందన్నది మోటారు నిర్మాణాన్ని బట్టి ఉంది. మోటార్లను ఇంత నెమ్మదిగా తిప్పి కొలవడానికి, కదలబోయే క్షణాన్ని కొలవడానికి ఐఎస్ఓ 4392 అనే ప్రమాణమే విడిగా ఉంది.

అభ్యంతరాలు, జవాబులు

“ఎందుకీ గొడవంతా, ఇంకాస్త చిక్కటి నూనె పోస్తే సరిపోదా?” అన్నది మెకానిక్కుల దగ్గర తరచూ వినిపించే మాట. బండి కాసేపే ఆగి కదిలితే చిక్కటి నూనె సందుల్లోంచి ఇంకా పూర్తిగా పిండుకుపోక కొంత ఆదుకుంటుందన్నది నిజమే. కానీ బరువు మీద ఎక్కువసేపు ఆగితే ఆ సాయం కరిగిపోతుంది. కదిలాక మాత్రం చిక్కదనం ప్రతి చుట్టులోనూ జరిమానా వసూలు చేస్తుంది. ఒక్క క్షణపు కష్టానికి రోజంతా డీజిలు కట్టడం అది. 15డబ్ల్యు-40 ఇంజను ఆయిలు పోసేవాళ్ళదీ ఇదే పరిస్థితి. 40 డిగ్రీల దగ్గర దాని చిక్కదనం 100 సెంటీస్టోక్స్ దాటుతుంది. పైగా అందులోని డిటర్జెంట్లు లోపలికి చేరిన నీటిని విడిపోనివ్వకుండా నూనెలోనే పట్టి ఉంచుతాయి. కొన్ని కంపెనీలు తమ యంత్రాల హైడ్రాలిక్స్‌కు పలచటి ఇంజను ఆయిలు గ్రేడును తామే సూచిస్తాయి. అది వేరే సంగతి, అక్కడ యంత్రాన్ని దానికి తగ్గట్టే పరీక్షించి ఉంటారు.

దీనికి సరిగ్గా ఎదురు అభ్యంతరం మరొకటి: “పట్టు అణువులు అంత మంచివైతే అన్ని నూనెల్లోనూ దండిగా కలపవచ్చు కదా?” ఇది బరువైన ప్రశ్న, ఎందుకంటే జవాబు ‘కలపకూడదు’ అన్నదే. చాలా చైను మోటార్ల లోపల, పైభాగం తిప్పే మోటార్ల లోపల ఆగినప్పుడు బండిని పట్టి ఉంచే డిస్కు బ్రేకులు అదే నూనెలో మునిగి ఉంటాయి. బ్రేకుకు రాపిడే ప్రాణం. నూనె మరీ జారుడుగా ఉంటే మోటారు తేలిగ్గా కదులుతుంది, వాలు మీద ఆపిన బండి కూడా తేలిగ్గా జారుతుంది. ట్రాక్టర్లలో గేర్లకూ హైడ్రాలిక్‌కూ నూనెలో మునిగిన బ్రేకులకూ కలిపి వాడే నూనె తయారీ అంత కష్టమైన విద్య కావడానికి ఇదే కారణం. పైగా లోహం మీద స్థలం పరిమితం. పట్టు అణువులు, జెడ్‌డీడీపీ అణువులు, తుప్పును ఆపే అణువులు అన్నీ అదే ఉపరితలం కోసం పోటీ పడతాయి. ఒకటి ఎక్కువైతే ఇంకొకటి పని చేయదు. కొన్ని పట్టు అణువులు నీటిని నూనె నుంచి విడిపోనివ్వవు, కొన్ని రబ్బరు సీళ్ళకు పడవు. అందుకే బజారులో దొరికే ‘రాపిడి తగ్గించే’ సీసాను తెచ్చి హైడ్రాలిక్ ట్యాంకులో ఒంపడం మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది. నూనె రసాయనం ముఖ్యమన్న వాదన నుంచి తేలేది ఎవరికి తోచింది వాళ్ళు కలపవచ్చని కాదు, తయారుచేసినవాళ్ళు ఏమి కలిపారో తెలుసుకుని ఎంచుకోవాలని.

మూడో అభ్యంతరం లెక్కకు సంబంధించినది: “కదలబోయే క్షణం రోజు మొత్తంలో ఎంత? ఆ కాస్తకు ఖరీదైన నూనె ఎందుకు?” రేడియేటరు ఫ్యానును తిప్పే మోటారు లాంటిదాని విషయంలో ఈ మాట పూర్తిగా ఒప్పుకోవాలి. ఒకసారి మొదలై గంటల తరబడి ఒకే వేగంలో తిరిగే మోటారుకు సరైన చిక్కదనం చాలు. కానీ వించి, క్రేను, చైను, పైభాగం తిప్పే మోటార్ల బతుకు వేరు. అవి రోజుకు వందలసార్లు ఆగి కదులుతాయి. అంతకన్నా ముఖ్యం, డిజైనరు మోటారు సైజును నిర్ణయించేది సాఫీగా తిరిగే సమయాన్ని చూసి కాదు, నిండు బరువుతో కదలబోయే ఆ ఒక్క క్షణాన్ని చూసి. లెక్క కోసం ఒక ఉదాహరణ చూడండి. ఒక మోటారు కదలబోయేటప్పుడు సిద్ధాంతం ప్రకారం రావలసిన బలంలో 80 శాతమే ఇస్తోందనుకుందాం. దానికి 425 సీసీ సైజు కావలసిన చోట, 85 శాతం ఇచ్చే మోటారైతే 400 సీసీ చాలు. క్షణకాలపు ఆ అయిదు శాతం కోసం పెద్ద మోటారు పెట్టాక, అది రోజంతా ప్రతి చుట్టుకూ ఆరు శాతానికి పైగా ఎక్కువ నూనె తాగుతుంది. దానికి తగ్గ పంపు, పైపులు, కూలరు, ట్యాంకు అన్నీ పెరుగుతాయి. ఆ క్షణం చిన్నదే, దాని ఖరీదు మాత్రం యంత్రం మొత్తం మీద పరచుకుని ఉంటుంది.

నూనె కూడా ఒక యంత్రభాగమే

అమెరికాలోని ఓక్ రిడ్జ్ నేషనల్ లేబొరేటరీ 2012లో ఆ దేశపు హైడ్రాలిక్, న్యూమాటిక్ యంత్రాలను లెక్కగట్టి, వాటి సగటు సామర్థ్యం సుమారు 22 శాతమేనని తేల్చింది. అంటే లోపలికి వెళ్ళిన శక్తిలో అయిదో వంతుకు కాస్త ఎక్కువ మాత్రమే పనిగా బయటికి వస్తోంది. ఆ నష్టంలో వాల్వులు, పైపులు, డ్రైవింగు తీరు అన్నిటికీ వాటా ఉంది, నూనె ఒక్కటే దోషి కాదు. కానీ మిగతావి మార్చాలంటే యంత్రాన్ని విప్పాలి, కొత్తది కొనాలి. నూనెను ఎలాగూ కొన్ని వందల, వేల గంటలకోసారి మారుస్తూనే ఉంటాం. ఆ మార్చేది ఆలోచించి మార్చడానికి అదనపు శ్రమ ఏమీ లేదు. డిజైనర్లు కూడా పిస్టను, షూ, బేరింగు గురించి ఆలోచించినంత శ్రద్ధగా నూనె గురించి ఆలోచించాలి. మోటారు తయారయ్యాక పోసేదిగా కాక, మోటారుతో పాటు రూపొందే భాగంగా దాన్ని చూడాలి.

---
బాక్స్: నూనె మార్చేముందు

• యంత్రం మాన్యువల్‌లో రాసిన తరగతిని (హెచ్‌ఎం, హెచ్‌వీ వగైరా) చూడండి, అంకెను మాత్రమే కాదు.

• ట్యాంకు నూనె పని మధ్యలో ఎంత వేడెక్కుతుందో కొలవండి. ఆ వేడి దగ్గర చిక్కదనం 16–36 మధ్య ఉండే గ్రేడు మాన్యువల్ అనుమతించిన వాటిలో ఏదో చూడండి.

• విస్కాసిటీ ఇండెక్స్ ఎక్కువున్న నూనె తీసుకుంటే, అందులోని పాలిమర్లు ఒత్తిడికి తెగి చిక్కదనం పడిపోకుండా ఉంటాయో లేదో డేటా షీటులో చూసి తెలుసుకోండి.

• మోటారులోనే బ్రేకు ఉంటే, ఆ బ్రేకుకు తగినదని తయారీదారు చెప్పిన నూనె తప్ప మరొకటి పోయవద్దు.

• రెండు రకాల నూనెలు కలపవద్దు. అంకె ఒకటైనా అడిటివ్‌లు ఒకదానితో ఒకటి పడకపోవచ్చు.

---

ఇన్నాళ్ళూ ఆయిలు షాపులో మనం అడిగిన ప్రశ్న ఒక్కటే: ఎంత చిక్కన? అది తప్పు ప్రశ్న కాదు, సగం ప్రశ్న. మోటారు తిరుగుతున్నప్పటి నష్టానికి దానిలో జవాబు ఉంది, కదలబోయే క్షణపు నష్టానికి లేదు. రెండో సగం ఇది: ఈ నూనెలో ఏముంది, ఆగి ఉన్న లోహాన్ని అది ఎలా పట్టుకుంటుంది? ఈసారి డ్రమ్ము కొనేటప్పుడు షాపువాడిని డేటా షీటు అడగండి. అది చూపించలేని నూనెను, అంకె సరిపోయినా సరే, లక్షల ఖరీదు చేసే యంత్రంలో పోయకండి.